హైడ్రోఫాయిల్ సర్ఫింగ్

పలకనెక్కి కెరటములపై విహరించు క్రీడలలో హైడ్రోఫాయిల్ సర్ఫింగ్ మిక్కిలి అర్వాచీనమైనది. సాధారణ సర్ఫింగునందు పలక అడుగుభాగము నీటిపై జారుచు పోవును. ఇందులోనన్ననో, పలక అడుగున నిలువుగా దిగిన కంబమును, ఆ కంబము కొన నీటిలో మునిగియుండు రెక్కల జతయు, తగిన వేగము లభించినంతనే పలకను దానిపై నిలిచిన మనిషితో కూడ మూరెడెత్తునకు లేపి, రెక్కలు మాత్రమే నీటిలో నుండగా తక్కినదంతయు గాలిలో సాగిపోవునట్లు చేయును. ఈ ఉపకరణమును వాడుకలో ఫాయిల్ అందురు. నిలుచుండి పొడవైన తెడ్డుతో నడుపుకొను పలక, అనగా స్టాండప్ పాడిల్ బోర్డు, దీనికంటె కొంత ముందుగా ప్రచారమునకు వచ్చినది. ఈ వ్యాసమున దానిని తెడ్డుపలక యని వ్యవహరింతుము. ఈ రెండు క్రీడలును హవాయి ద్వీపములలో, చాలవరకు ఒకే మనుష్యుల చేతిమీదుగా రూపొందినవి. అందుచేతనే కాబోలు, తెడ్డుపలకపై నిలువ నేర్చినవానికి ఫాయిల్ సగము వచ్చినట్లే యను మాట సర్ఫింగ్ పాఠశాలలలోను, పరికరములు విక్రయించువారి నోటను తరచుగా వినవచ్చును. రెండింటిని నిలుపు బలముల స్వభావమును విచారించినచో ఈ మాట అంతగా నిలువదు.

నిలుపు బలములు

తెడ్డుపలకను నిలుపునది ఆర్కిమిడీస్ సూత్రమున చెప్పబడిన ప్లవనబలము. మనిషి, పలక, తెడ్డు కలిసి 90 కిలోగ్రాములు తూగినచో 90 లీటర్లకు ఇంచుక తక్కువ సముద్రజలము తొలగిన చాలును. క్రొత్తవారు వాడు పలకల ఘనపరిమాణము సామాన్యముగా 180 మొదలు 300 లీటర్ల వరకు నుండును గనుక, వారు కదలక నిలిచినను, కూర్చున్నను, పరుండినను పలక మునుగదు. దాని వెడల్పు 75 మొదలు 85 సెంటీమీటర్లు ఉండుటచే, ప్రక్కకు ఒరిగినప్పుడు ఒరిగిన వైపున అధికజలము తొలగి, పలక తనంతట తానే సమస్థితికి వచ్చును. దాని గుణములలో ఇది ముఖ్యమైనది.

ఫాయిలునందు ఈ సదుపాయము లేదు. రెక్క పుట్టించు ఉత్థాపనబలము నీటి సాంద్రతను, రెక్క వైశాల్యమును, వేగము యొక్క వర్గమును అనుసరించి యుండును. రెక్క నీటిని ఎదుర్కొను కోణము పెరిగినకొలది అదియు ఒక హద్దువరకు పెరుగును. నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది కావున, గాలిలో ఎగురుటకు కావలసిన రెక్కతో పోల్చినచో ఇచ్చట అత్యల్పమైన రెక్కయే చాలును. మనిషియు పరికరమును కలిసి 80 కిలోగ్రాములనియు, ముందురెక్క వైశాల్యము 1500 చదరపు సెంటీమీటర్లనియు అనుకొన్నచో, గంటకు 13 మొదలు 16 కిలోమీటర్ల వేగమున పలక నీటిని విడుచునని లెక్కకు వచ్చుచున్నది. రెక్క 2000 చదరపు సెంటీమీటర్లదైనచో 11 కిలోమీటర్ల వేగమే చాలవచ్చును.

చిక్కు పలక లేచిన తరువాతనే మొదలగును. వేగము నూటికి 20 పాళ్లు పెరిగినచో ఉత్థాపనము నూటికి 44 పాళ్లు పెరుగును. ఆ హెచ్చు బలమును ముందుకాలితో అదిమి రెక్క కోణమును తగ్గింపనిచో పలక పైకి లేచుచునే యుండి, తుదకు రెక్కకొన నీటిపొరను చీల్చుకొని బయటపడును. అప్పుడు గాలి రెక్క వెంబడి లోనికి దూరి, ఉత్థాపనము క్షణములో నశించును. ఇంజనీర్లు దీనిని వెంటిలేషన్ అందురు. అధికవేగమున నీటియందే ఆవిరిబుడగలు పుట్టు కావిటేషన్ అను దోషము వేరు. ఈ క్రీడలోని వేగములకు మొదటిదానితోనే నిత్యము పని.

పూర్వపు హైడ్రోఫాయిల్ నావలలో దీనికి ఉపాయములు కలవు. రెక్కలను నిచ్చెనమెట్ల క్రమమున ఒకదానిపై నొకటి అమర్చినచో నావ లేచినకొలది పై మెట్లు నీటిని విడిచి, పనిచేయు రెక్క వైశాల్యము తగ్గి, ఎత్తు తనంతట తానే నిలకడకు వచ్చును. V ఆకారముగా వంచిన రెక్కల సూత్రమును ఇదియే. రెక్కలు పూర్తిగా మునిగియుండు నావలలో ఎత్తును కనిపెట్టి సరిదిద్దు సాధనము వేరుగ నుండవలెను. మాత్ అను చిన్న తెరచాపనావలకు ముక్కున నీటిని తాకుచు వ్రేలాడు సన్నని కడ్డీ ఈ పనిని చేయును. సర్ఫింగ్ ఫాయిలునకు నిచ్చెనయు లేదు, కడ్డీయు లేదు. రెక్క పూర్తిగా మునిగినది. ఎత్తును నియమించు యంత్రము ఆరోహకుని పాదములే. అరచేతిపై కర్రను నిలువుగా నిలుపుచున్నవాడు చేతిని ఆపినంతనే కర్ర పడునట్లు, ఇచ్చట దిద్దుబాటు ఆగినంతనే పలక పడును.

పరికరము

పలక అడుగున బిగించు కంబము అల్యూమినియముతోనో కార్బన్ నారతోనో చేయబడి, 60 మొదలు 90 సెంటీమీటర్ల పొడవున నుండును. దాని కొన ఫ్యూజిలేజ్ అను అడ్డుకడ్డీ, ఆ కడ్డీకి ముందు పెద్దరెక్క, వెనుక చిన్నరెక్క ఉండును. బరువును మోయునది ముందురెక్క. వెనుకరెక్క సాధారణముగా క్రిందికి త్రోయుచు, ముక్కు వాలిపోకుండ కాపాడును. ముందురెక్క కొనలమధ్య దూరము హెచ్చై, మందమును వెడల్పును తక్కువైనచో నీటి నిరోధము తగ్గి దూరము జారును గాని, వేగము తగ్గినప్పుడు ముందు సూచన లేకయే విడిచిపెట్టును. పొట్టిగా వెడల్పుగా నున్న రెక్క మందగమనమైనను ఓర్పు గలది. క్రొత్తవానికి రెండవదే తగును. పొట్టి కంబముతో మొదలిడిన పడుట తక్కువ యెత్తునుండి జరుగును గనుక సురక్షితమని కొందరు గురువుల మతము. పొట్టి కంబమున పొరపాటు దిద్దుకొను ఎడము కూడ తక్కువ గనుక మధ్యమమైన 70, 75 సెంటీమీటర్లే మేలని మరికొందరందురు. తరంగములలో నేర్చువారికి రెండవ పక్షమే అనుకూలముగ కనబడుచున్నది.

పూర్వచరిత్ర

నీటిరెక్కల యోచన 19వ శతాబ్ది ఉత్తరార్ధము నాటిది. పారిస్ నివాసియగు ఫార్కో 1869లో ఇట్టి రెక్కలకు పేటెంటు పొందెనని చెప్పుదురు. పనిచేయు నావగా దీనిని చూపినవాడు ఇటలీ దేశీయుడగు ఎన్రికో ఫోర్లానీని. 1906లో మజ్జోరె సరస్సుపై అతని నిచ్చెనరెక్కల నావ గంటకు సుమారు 68 కిలోమీటర్ల వేగమును అందుకొన్నది. టెలిఫోను సృష్టికర్తగా ప్రసిద్ధుడగు అలెగ్జాండర్ గ్రాహం బెల్, అతని సహచరుడు కేసీ బాల్డ్విన్, 1910-11 నాటి ప్రపంచయాత్రలో ఆ సరస్సున ఫోర్లానీని నావనెక్కి, స్వస్థలమునకు మరలిన పిదప కెనడాలోని బ్రాడోర్ సరస్సుపై ప్రయోగములు సాగించిరి. వారి హెచ్.డి-4 నావ 1919 సెప్టెంబరు 9న గంటకు 114 కిలోమీటర్లు మించి పోయి, చాలకాలము నిలిచిన జలవేగ ప్రమాణమును నెలకొల్పినది. తరువాతి నౌకాచరిత్ర ఇచ్చట అప్రస్తుతము.

మనిషి కాలిక్రింద రెక్కను కట్టు ప్రయత్నములు నీటిస్కీలతో మొదలైనవి. 1960లలో అమెరికాయందు వాల్టర్ వుడ్‌వర్డ్ అను ఇంజనీరు స్కీలకు రెక్కలు అమర్చెనని చెప్పుదురు. 1980లలో మైక్ మర్ఫీ, బాబ్ వూలీ అనువారు పలకపై చిన్న ఆసనమును నిలిపి, దాని క్రింద ఫాయిల్ బిగించి, కూర్చుండియే పడవ వెంట లాగబడుచు ఎగురు సాధనమును తయారుచేసిరి. అదియే ఎయిర్ చెయిర్ అను పేర విక్రయింపబడినది. కూర్చున్నవాని భారకేంద్రము దిగువనుండుటచే ఇందులో నిలకడ సులభము.

హవాయిలోని మావీ ద్వీపమున లెయర్డ్ హామిల్టన్, డేవ్ కలామా, రష్ రాండల్ మున్నగు మహాతరంగ విహారులు ఎయిర్ చెయిర్ రెక్కను తెచ్చి నిలుచుండు పలకకు తగిల్చి, మంచుపై వాడు స్నోబోర్డు బూట్లను పలకకు బిగించి, జెట్‌స్కీ లాగగా పెద్ద కెరటములలోనికి పోయిరి. ఇది ఎప్పుడు జరిగినదను విషయమున ఏకాభిప్రాయము లేదు. 1990ల చివరనని కొందరు, 2000 దాటిన పిదపనని కొందరు చెప్పుదురు. 2003లో విడుదలయిన ‘స్టెప్ ఇంటు లిక్విడ్’ అను చలనచిత్రమున వీరు కెరటములపై తేలక ఎగురుచున్న దృశ్యములు కలవు. అందు కనబడు నైపుణ్యము ఒకటి రెండు ఋతువులలో కుదురునది కాదు గనుక మొదటివారి మాటయే ఎక్కువ నమ్మదగియున్నది.

అంత ఆశ్చర్యమును పుట్టించిన క్రీడ పదునైదేండ్లు కొద్దిమంది సొత్తుగనే ఉండిపోవుటకు కారణము పరికరమందే కలదు. ఆనాటి రెక్కలు లాగుడుపడవల వేగములకై చేయబడినవి, చిన్నవి, బరువైనవి. అవి లేచుటకు జెట్‌స్కీ కావలెను, జెట్‌స్కీ వేగమునకు ఓర్చి నిలుచుటకు బూట్లు కావలెను, బూట్లున్నచో పడినప్పుడు బరువైన లోహమునకు కాళ్లు బంధింపబడి యుండును. ఈ శృంఖలను త్రెంచినది పెద్దరెక్క. మావీలోనే అలెక్స్ అగేరా నిర్మించిన వెడల్పాటి మందగమన రెక్కలతో, బూట్లు లేక, లాగువారు లేక, తెడ్డుసాయమున లేచి, కై లెన్నీ 2016లో ఆ ద్వీపపు ఉత్తరతీరమున మలికో లోయ ముఖము నుండి కహులూయి రేవు దిక్కుగా గాలివాలున సాగెను. ఆ ప్రయాణపు చిత్రములు చూచినవారికి, ఇంకను విరుగని, సాధారణపు సర్ఫింగ్ పలకకు పనికిరాని సముద్రపు పొంగులే క్రీడాస్థలము కాగలవని మొదటిసారి తెలిసినది. అప్పటికే మాత్ నావలలో 2005 ప్రపంచపోటీని రెక్కల నావ గెలుచుకొనియుండెను. 2013 అమెరికా కప్పు పోటీలలో 72 అడుగుల జంటనావలు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమున ఎగిరియుండెను. కార్బన్ నారతో రెక్కలు పోయు విద్యయు ఆ వేళకు పరిపక్వమైనది. కావున 2016ను ఒక్కరి ఆవిష్కరణముగా కాక, పలువురి పనులు ఒకచోట కలిసిన సంవత్సరముగా ఎంచుట ఉచితము.

2018, 2019 ప్రాంతముల చేతపట్టుకొను గాలి నింపిన రెక్క, అనగా వింగ్, ప్రచారమునకు వచ్చినది. దీనికి పూర్వప్రయత్నములు పెక్కు పేర్కొనబడుచున్నను, వాడుకకు అనువైన రూపమిచ్చినవాడుగా మావీలోని కెన్ విన్నర్ పేరే హెచ్చుగా వినబడును. అదే కాలమున విద్యుత్తుతో నడచు ఈఫాయిల్ కూడ విపణిలోనికి వచ్చెను.

తెడ్డుపలక పుట్టుక

పెరూ తీరమున ఉవాంచాకో జాలరులు తోతోరా జమ్ముతో కట్టిన నావలపై కెరటములు దాటివచ్చుట బహుప్రాచీనము. తెడ్డుపలక చరిత్రను అచ్చటనుండి మొదలిడుట గ్రంథకర్తలకు ఆచారమైనది గాని, నేటి పలకకును దానికిని వంశసంబంధమును చూపుట కష్టము. సాక్ష్యము గల ఆరంభము హొనొలులు నగరపు వైకీకీ తీరము. 20వ శతాబ్ది మధ్యభాగమున అచ్చట యాత్రికులకు సర్ఫింగ్ నేర్పు బీచ్‌బాయ్‌లలో కొందరు, అందు ఆచోయ్ కుటుంబమువారు ముఖ్యముగా, పొడవైన పలకలపై నిలిచి పడవతెడ్డుతో నడుపుకొనుచు, మెడలో కెమెరా వ్రేలాడగా, నేర్చువారి ఛాయాచిత్రములు తీయుచుండిరి. నిలిచియున్నచో వచ్చు కెరటము దూరమునుండి కనబడును, కెమెరా తడియదు. ఈ పద్ధతి కొన్ని దశాబ్దములు మరుగుననుండి, 2000 తరువాత మరల తలయెత్తెను. మకాహా తీరపు బఫెలో బిగ్ బోర్డు పోటీలలో దీనికొక విభాగము చేర్చిన యేడు 2003 అని కొందరు, మరుసటి యేడని కొందరు వ్రాయుదురు. లెయర్డ్ హామిల్టన్, డేవ్ కలామాలు దీని ప్రచారకులలో అగ్రగణ్యులు. ఫాయిల్ చరిత్రలోని పేర్లే ఇచ్చటను కనబడుట గమనింపదగినది. పెద్ద కెరటములు లేని దినములలో దేహమునకు పని కల్పించుకొనుటకై వారు తెడ్డును పట్టిరి.

నేర్చుకొను క్రమము

ఫాయిలును నేరుగా తరంగములలో నేర్చినవారు లేకపోలేదు. అయినను లాగుడుపడవ వెంటనో, ఈఫాయిల్ పైనో మొదలిడుట ప్రశస్తమైన మార్గము. కారణము సులభగ్రాహ్యమే. తరంగము ఒక్కమారు ఇచ్చు అవకాశము కొన్ని క్షణములు. పడవయో, నిమిషముల తరబడి ఒకే వేగమును ఇచ్చును. గంటకు 15 మొదలు 18 కిలోమీటర్ల స్థిరవేగమున లాగబడుచు అభ్యాసకుడు మొదట నేర్వవలసినది లేచుట కాదు, లేవకుండుట. రెక్క పైకెత్తుచున్నను ముందుకాలి బరువుతో పలకను నీటిపైననే అణచియుంచి కొంతదూరము పోగలిగినవాడు, ఆ బరువును రవ్వంత సడలించి జానెడెత్తు లేచి, మరల తన ఇచ్ఛతో దించగలుగును. ఇట్లు దించుట వచ్చిన పిమ్మట ఎగురుట వచ్చును. ఈ క్రమమును తలక్రిందులు చేసి, లేచుటకై ఉబలాటపడువారు పడుటయందే ప్రావీణ్యము సంపాదింతురు.

క్రొత్తవాని పాటు ఇంచుమించు ఒకే తీరున నుండును. పలక నీటిని విడిచినంతనే అడుగున వినవచ్చుచుండిన నీటి చప్పుడు హఠాత్తుగా ఆగిపోవును. ఘర్షణ తగ్గుటచే వేగము హెచ్చును. ఆ హెచ్చిన వేగమును శరీరము వెనుకకు వాలి ఎదుర్కొనును. వాలినంతనే బరువు వెనుకకాలిపై పడి, ముక్కు లేచి, రెక్క కోణము పెరిగి, పలక మరింత ఎత్తునకు పోవును. భయపడి మరింత వాలును. రెక్కకొన బయటపడగా బుడబుడమని గాలి పీల్చిన ధ్వని యొకటి కలిగి, ముందుభాగము ఆధారము లేక నీటిపై కూలును, మనిషి పలకను దాటి ముందుకు విసరబడును. ఇదంతయు రెండుమూడు క్షణముల పని. చికిత్స ఒక్కటే: లేచినప్పుడు మోకాళ్లు వంచి, ఛాతిని ముందుపాదముపైకి తెచ్చి, చూపును పలకపై కాక చాల ముందున్న నీటిపై నిలుపుట. బరువులో సగముకంటె హెచ్చు ముందుకాలిపై నుండవలెనని గురువులందరును చెప్పుదురు. ఎంత హెచ్చన్నది రెక్కనుబట్టియు, కంబము బిగించిన చోటునుబట్టియు మారును. కంబమును గాడిలో ఒక అంగుళము వెనుకకు జరిపినంతమాత్రమున మొండిగ నుండిన పరికరము సాధువైన సందర్భములు పెక్కు గలవు.

తరంగములలోనికి వచ్చినప్పుడు ఎట్టి కెరటమును ఎన్నుకొనవలెనను ప్రశ్న పుట్టును. తీరము చేరువ విరిగిన కెరటపు వేగము లోతుపై ఆధారపడును: 1.2 మీటర్ల లోతున గంటకు సుమారు 12 కిలోమీటర్లు, 1.5 మీటర్ల లోతున సుమారు 14 కిలోమీటర్లు. పెద్దరెక్క లేచు వేగము ఇదే గనుక, మోకాలియెత్తు కెరటము, మెల్లగ నురగలై జారునది, క్రొత్తవానికి చాలును. గుల్లగా మడిచి నిలువున విరుచుకుపడు కెరటము సాధారణపు సర్ఫరునకు ఎంత ప్రియమో ఫాయిల్ అభ్యాసకునకు అంత అప్రియము.

తదుపరి మెట్టు పంపింగ్. మోకాళ్ల చాలనముతో పలకను లయబద్ధముగ పైకి క్రిందికి ఆడించినచో, చేప తోకవలన కలుగునట్టి పురోగమనబలము రెక్కవలన కలుగును. దీనిచే ఆరోహకుడు ఒక కెరటము దిగిపోగనే వెనుదిరిగి, లోపలినుండి వచ్చు మరియొక కెరటమును నిలిచియుండియే అందుకొనును. చూచుటకు లీలవలె నుండును గాని, శ్వాసకోశములకు పరుగుపందెము వంటి శ్రమ.

తెడ్డుపలకతో తారతమ్యము

తెడ్డుపలకపై నిశ్చలజలమున నిలిచి నడుపుకొనుట చాలమందికి గంట రెండుగంటలలో పట్టుబడును. ఫాయిలుపై తడబడక నూరు గజములు ఎగురుటకు వారములు పట్టుట సామాన్యము. కాని భేదము కాలపరిమాణమందు మాత్రమే యున్నదనుకొనుట పొరపాటు.

తెడ్డుపలకపై పాదములు రెండును పలక మధ్యనున్న పిడికి ఇరువైపుల, భుజముల ఎడమున, వ్రేళ్లు ముందువైపునకు చూచుచుండ సమాంతరముగ నుండును. అచ్చట శత్రువు ప్రక్కకు ఒరుగుట. ముందు వెనుకల విషయమున, మూడు మీటర్లు మించిన పొడవే రక్షణ. కావున అభ్యాసముచే శరీరమున నాటుకొను ప్రతిక్రియలన్నియు కుడియెడమలకు సంబంధించినవి: తుంటిని వదులుగనుంచుట, ఒరిగిన వైపున తెడ్డును నీటిపై చరచి ఆనుకొనుట. ఫాయిలుపై ఒక పాదము వెనుక నొక పాదము పలక మధ్యరేఖపై నుండును. ప్రక్క ఒరుగు ఇచ్చట మలుపునకు సాధనమే గాని శత్రువు కాదు. శత్రువు ముందువెనుకల ఊగు. తెడ్డుపలక నేర్పిన ప్రతిక్రియలలో దీనికి జవాబు లేదు. పైగా అలజడి కలిగినప్పుడు కదలక బిగుసుకొని, పలక తానే కుదుటబడునని నిరీక్షించు అలవాటు అచ్చట మంచిదై, ఇచ్చట చేటగును. సర్ఫరునకును ఇట్టి చిక్కే కలదు. వెనుకకాలితో పలకను త్రిప్పుటకు అలవడినవాడు ఫాయిలునెక్కి వెనుకకాలిని నొక్కినచో నేరుగా ఆకాశమునకు లేచును.

అట్లని తెడ్డుపలక విద్య నిష్ప్రయోజనమని కాదు. గాలి యెటు తిరుగునో, పొంగు ఎచ్చట కుప్పగూడునో, ఏ సందుగుండ నురగను దాటి లోపలికి పోవలెనో నిలిచి చూచుటచే తెలిసికొన్న కన్ను ఫాయిలుపై మిక్కిలి ఉపకరించును. తెడ్డుపోటు అంతకంటె ఉపకరించును, అయితే ఆరంభమున కాదు, ప్రౌఢదశలో. సామాన్యుడు తెడ్డుపలకను గంటకు 5, 6 కిలోమీటర్ల వేగమున నడుపును. పందెగాండ్రు 9, 10 వరకు పోవుదురు. ఫాయిల్ లేచుటకు 11కు తక్కువ కాకూడదంటిమి. ఈ స్వల్పమైన అంతరమును దాటించునది గాలి రేపిన పొంగు ముఖపు వాలు. నాలుగైదు సెకన్ల వ్యవధి గల గాలిపొంగులు లోతునీట గంటకు 22 మొదలు 28 కిలోమీటర్ల వేగమున సాగును. వాటి వాలుపై నాలుగైదు గట్టిపోట్లతో పలకను ఉరికించి, ఒకటి రెండు పంపులతో దానిని నీటినుండి ఎత్తుట డౌన్‌విండ్ ఫాయిలింగ్ నందలి ముఖ్యరహస్యము. 2022 ప్రాంతమున ఇందుకై ఏడెనిమిది అడుగుల పొడవును, 20 అంగుళముల లోపు వెడల్పును గల సన్నని పలకలు వచ్చినవి. తెడ్డుపందెపు నావల ఆకారమే వాటికి మూలము. తెడ్డుపలక వీరులు ఫాయిలుపై నిజముగ ముందంజ వేసినది ఈ శాఖయందే.

ప్రయోజనములను ఎంచినచో, చెరువు, కాలువ, నది, నిశ్చల సముద్రము అన్నియు తెడ్డుపలకకు తగినవే. పిల్లలు, వృద్ధులు, అప్పుడే నేర్చినవారు కూడ నడుపవచ్చును. ఫాయిలునకు కంబము పొడవును మించిన లోతును, లేచు వేగమును కావలెను. అయితే సర్ఫరులు వదలివేయు బలహీనపు కెరటములపై దానికి గల ఆనందము మరి యే పలకకును లేదు.

అపాయములు, మర్యాదలు

ఫాయిలుపైనుండి పడుట కంటె ఫాయిలుపైకి పడుట ప్రమాదము. రెక్కల అంచులు చర్మమును కోయగలవు. కంబము మోకాలిచిప్పను, దవడను గాయపరచగలదు. శిరస్త్రాణము, దెబ్బను ఓర్చు మందపు జాకెట్టు తప్పనిసరి యని అనుభవజ్ఞులందరి మాట. పడుట నిశ్చయమైనప్పుడు పలకను కాలితో త్రోసి ప్రక్కకు దూకవలెను. తల ముందుగ దుముకరాదు. నీటినుండి లేచునప్పుడు చేతులు తలకు అడ్డముంచుకొనవలెను. జనసమ్మర్దము గల సర్ఫింగ్ తావులకు దూరముగ నుండుట మర్యాద మాత్రమే కాదు, ఇతరుల దేహరక్షణ.

తెడ్డుపలకకు అపాయము లేదను భావమే దాని యపాయము. తీరమునుండి లోపలికి వీచు గాలి నిలిచిన మనిషిని తెరచాపవలె పట్టి లాగుకొనిపోవును. అట్టి వేళ మోకరిల్లియో, పరుండియో తెడ్డువేయవలెనని తెలియనివారు అలసిపోవుదురు. ఈత తావులకు, సర్ఫింగ్ తావులకు వెలుపల తెడ్డుపలకను నావగా పరిగణింపవలెనని అమెరికా తీరరక్షక దళము 2008లో నిర్ణయించుటచే, అచ్చట ప్రాణరక్షక కవచమును వెంట ఉంచుకొనుట విధియైనది. ప్రవాహములలో చీలమండకు కట్టు త్రాడు కొమ్మలకు తగులుకొని ప్రాణాపాయము తెచ్చును. ఒక్కలాగుతో విడిపోవు నడుముత్రాడే అచ్చట యుక్తము.

పోటీలు, పాలన

అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘము తెడ్డుపలకకు ప్రపంచపోటీలను 2012లో పెరూ దేశమున మొదలిడినది. పడవపందెముల అంతర్జాతీయ సమాఖ్య, తెడ్డుతో నడుచునది తమదేనని వాదింపగా, వివాదము లోసాన్ నగరపు క్రీడా మధ్యవర్తి న్యాయస్థానమునకు పోయెను. పోటీలు ఇరువురును జరుపుకొనవచ్చుననియు, ఒలింపిక్ స్థాయి పాలన మాత్రము సర్ఫింగ్ సంఘమునకే చెందుననియు 2020లో తీర్పు వచ్చెను. ఫాయిల్ విషయమున 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో, మార్సెయ్ తీరమున, తెరచాపపలకల ఐక్యూఫాయిల్ తరగతియు, గాలిపటముతో నడచు ఫార్ములా కైట్ తరగతియు జరిగినవి. రెండును రెక్కలపై ఎగురునవే గాని తెరచాపక్రీడలుగా లెక్కింపబడినవి. కెరటములపై ఆడు ఫాయిల్ వాటిలో చేరలేదు.

భారతదేశమున సర్ఫింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఈ క్రీడలకు పెద్దదిక్కు. కర్ణాటకలోని ముల్కి, తమిళనాడులోని కోవళం తీరములు సర్ఫింగునకును తెడ్డుపలకకును ప్రసిద్ధి కెక్కినవి. ఆంధ్రతీరమున విశాఖపట్టణము, అందు ఋషికొండ, సర్ఫింగు సాగుచున్న తావులు. ఈ తీరమున దుంగలు కట్టిన తెప్పపై తెడ్డువేసికొని కెరటములు దాటు జాలరుల విద్య బహుకాలపుది; ఫైబరు పడవలు, మోటార్లు వచ్చిన పిదప అది తగ్గిపోయినది. దానిని తెడ్డుపలకకు పూర్వరూపమని వ్రాయుట తొందరపాటు. కాని నురగను ఏ క్షణమున దాటవలెనో ఎఱుగుటకు ఆ జాలరులే నేటికిని తీరమున మంచి గురువులు. ఫాయిలునకు ఈ తీరమున తావును ఎన్నుకొనువారు ఒడ్డుననే విరుచుకుపడు నిటారు కెరటములను విడిచి, ఇసుకమేట దూరముగనుండి కెరటము మెల్లగ జారు చోటును, నైరుతి ఋతుపవనపు ఉద్ధృతి లేని మాసములను చూచుకొనవలెను. ఇసుకమేటలు ఏటేట చోటు మారును గనుక కంబమునకు చాలు లోతున్నదో లేదో ప్రతిమారును ముందుగ ఈది చూచుకొనవలెను.